రేకుల షెడ్డు కారతా ఉందా? తారు డబ్బా కొనే ముందు ఇది చూడండి

మన పక్క గట్టి వానలంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడేవే కదా, 2021 నవంబరులో తిరుపతిలో ఉన్నోళ్ళకి నేను చెప్పేదేం లేదు. ఆ వానల్లోనే మా పెరట్లో షెడ్డు కారడం మొదలైంది, అదీ సరిగ్గా మోటారు స్టార్టర్ బాక్సు మీద. నేనేం చేశానంటే బాక్సుకి నేరుగా పైనున్న రేకుకి తారు దట్టంగా పూసేసినా. తర్వాత వానకి మళ్ళీ అక్కడే చుక్క. తీరా చూస్తే బొక్క నాలుగడుగులు పైన ఒక బోల్టు దగ్గరుంది, నీళ్ళు అక్కడ దిగి ఇనప పైపు అడుగున పాక్కుంటా వచ్చి వెల్డింగ్ చేసిన గుబ్బ కాడ రాలతా ఉన్నాయి.

అందుకే ముందు బొక్క పట్టుకోండి. కరెంటు మెయిన్ ఆపేసి, ఎండ బాగున్నప్పుడు లోపలికి పోయి తలుపు మూసి పైకి చూడండి, వెలుగు చుక్కలు కనపడిన చోటంతా చాక్‌పీసుతో గీత పెట్టుకోండి. కనపడకపోతే ఒకరు లోపల నిలబడి, ఇంకొకరు నిచ్చెన మీంచి పైపుతో నీళ్ళు కొట్టాల. కింది అంచు నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి పోవాల, పైనుంచి కొడితే అన్నీ తడిసిపోయి ఏది కారతా ఉందో తెలీదు.

బోల్టు కాడ చుక్క పడతా ఉంటే రేకుది తప్పు కాదు, వాషరుది. మన ఎండలకి రబ్బరు వాషరు ఎండి అప్పడంలా విరిగిపోతుంది. దాని మీద సీలెంట్ రుద్దితే ఒక సీజన్ కూడా ఆగదు, బోల్టు తీసి కొత్త వాషరు వేయండి. బొక్క పెద్దదైపోయుంటే ఒక సైజు లావు స్క్రూ. రబ్బరు కొంచెం నొక్కుకునే దాకానే బిగించాల, మరీ బిగిస్తే పక్కకి ఉబ్బి చీలిపోతుంది. సిమెంట్ రేకైతే బొక్క ఎప్పుడూ మిట్ట మీదే, పల్లంలో వేస్తే నీళ్ళు పోయే దారిలోనే బొక్క పెట్టినట్టు.

మామూలు వానకి కారకుండా గాలివానకే కారతా ఉంటే రెండు రేకులు కలిసే చోట చూడండి. మనకి ఆ నెలల్లో గాలి ఈశాన్యం నుంచి కదా, అతుకు నోరు ఆ పక్కకే తెరుచుకునుంటే జల్లు నేరుగా లోపలికే. కింది రేకు మీదికి పై రేకు ఆరంగుళాలన్నా ఎక్కాల. తక్కువైతే విప్పి మళ్ళీ పరచడమే మేలు, కుదరకపోతే అతుకు మధ్యలో బ్యూటైల్ టేపు (రెండు పక్కలా అంటుకునే మెత్తటి రబ్బరు టేపు) పెట్టి బిగించండి. ఆ సందులో చేరిన మామిడాకులు, వేపాకులు ఊడ్చేయండి, తడాకు కిందే రేకు తుప్పు పట్టేది.

గోడ పక్కన కారతా ఉంటే అది సిమెంటు పూత పగులు. ఎండకి రేకు సాగతా, ముడుచుకుంటా ఉంటుంది, సిమెంటు సాగదు. గోడకి గాడి కొట్టి జీఐ షీటు (జింకు పూత పూసిన ఇనప రేకు) పట్టీ దూర్చి రేకు మీదికి వంచాల.

ధనుర్మాసంలో తెల్లారుజామున వాన లేకుండానే ఇనప రేకు అడుగంతా చుక్కలుంటే అది కారడం కాదు, లోపలి తేమ చల్లటి రేకుకి పట్టింది. గాలాడే సందు పెడితే చాలు. దీనికి రేకులన్నీ మార్పించినోళ్ళని చూసినా నేను!

ఇంక మార్చేదెప్పుడంటే, స్క్రూడ్రైవరుతో పొడిస్తే తుప్పు రేకు లోపలికి పోతే అతుకులేసి లాభం లేదు. పాత సిమెంట్ రేకుల మీద మాత్రం కాలు పెట్టొద్దు, పలక అడ్డం వేసుకుని దాని మీదే నడవాల. వాటిని గ్రైండరుతో కోయొద్దు, వాటిలో ఉండే ఆస్బెస్టాస్ నార దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే మళ్ళీ బయటికి రాదు, తడిపి నిండు రేకుగానే దించండి. మాకైతే కోతులు ఎగిరెగిరి రెండు సిమెంట్ రేకులు పగలగొట్టినాయి, 0.5 ఎంఎం కలర్ రేకులు వేయించినాక పగలడం లేదు గానీ పొద్దున్నే ఆ డబడబ చప్పుడుకి మాత్రం మందు దొరకలేదు.