అంగారకుడి మీద దిగడం, 4వ పాఠం: 16 మీటర్లంటే ఏ 16 మీటర్లు?

పోయిన పాఠం చివరి లెక్క దగ్గర చాలామంది తడబడ్డారు. అందుకని ఇవాళ చెప్పాల్సిన మోర్టార్ (పారాచూట్‌ని నౌక నుంచి బయటికి పేల్చే గొట్టం) సంగతి వచ్చే పాఠానికి జరుపుతున్నాను. లెక్క ఇదీ: 600 కిలోల ల్యాండర్, 16 మీటర్ల పారాచూట్, డ్రాగ్ గుణకం (గాలిని ఎంత గట్టిగా అడ్డుకుంటుందో చెప్పే సంఖ్య) 0.6, గాలి సాంద్రత ఘనపు మీటరుకు 0.015 కిలోలు. దిగే వేగం ఎంత దగ్గర స్థిరపడుతుంది?

సెకనుకు 50 మీటర్లు. బరువు 600 × 3.71 = 2,226 న్యూటన్లు, వైశాల్యం 201 చదరపు మీటర్లు. గాలి అడ్డుకునే బలం (½ × సాంద్రత × వేగం² × గుణకం × వైశాల్యం) బరువుకి సమానమైన చోట వేగం స్థిరపడుతుందన్న సూత్రం మీకు వచ్చు. మీకు 25 వచ్చి ఉంటే వ్యాసాన్ని వ్యాసార్ధం చోట వేశారు. 81 వచ్చి ఉంటే గురుత్వం 9.81 వేశారు. ఎక్కువ జాగ్రత్త పడాల్సింది 5.5 వచ్చినవాళ్లు. మీరు వేసింది భూమ్మీది గాలి, 1.225. ఆ జవాబు చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, ల్యాండర్ మెత్తగా దిగిపోయినట్టే అనిపిస్తుంది. అందుకే ఎవరూ మళ్లీ సరిచూసుకోరు.

50 అంటే గంటకు 180 కిలోమీటర్లు. దాన్ని 5కి తేవాలంటే వ్యాసం పదింతలు, అంటే 160 మీటర్లు కావాలి. అంత గుడ్డ మోసుకెళ్లలేం. అంగారకుడి మీద పారాచూట్ పని నేలకు దించడం కాదు. ధ్వనిని మించి దూసుకొస్తున్న నౌకను రాకెట్లు అందుకోగలిగే వేగానికి తెచ్చి వదిలేయడం. 2021లో దిగిన నాసా రోవర్ పర్సెవరెన్స్‌కి 21.5 మీటర్ల పారాచూట్ ఉంది. అయినా చివర్లో ఎనిమిది ఇంజన్లు మండాల్సి వచ్చింది.

ఇక అసలు తప్పు. పంపిన బొమ్మల్లో సగానికి పైగా 16 మీటర్ల గుండ్రటి గుడ్డ గీశారు. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది, ఎందుకంటే లెక్కంతా సరిగ్గా చేసి కత్తెర దగ్గర పాడుచేసుకుంటున్నారు.

మనం వాడేది డిస్క్-గ్యాప్-బ్యాండ్ రకం. పైన చక్రం, దాని కింద ఖాళీ, ఆ కింద చుట్టూ పట్టీ. 16 మీటర్లన్నది వీటిలో దేని వ్యాసమూ కాదు. చక్రం, ఖాళీ, పట్టీ మూడింటి వైశాల్యం కలిపి, అంత వైశాల్యమున్న ఒక వృత్తాన్ని ఊహించుకుంటే దాని వ్యాసం అది. ఖాళీలో గుడ్డ లేకపోయినా లెక్కలోకి వస్తుంది. 1976లో అంగారకుడి మీద దిగిన నాసా ల్యాండర్ వైకింగ్ పారాచూట్ వైశాల్యం పాళ్లు తీసుకోండి: చక్రం 53 శాతం, ఖాళీ 12, పట్టీ 35. అప్పుడు చక్రం వ్యాసం 11.6 మీటర్లు, ఖాళీ ఎత్తు 66 సెంటీమీటర్లు, పట్టీ ఎత్తు 1.92 మీటర్లు. గాలి నిండిన పారాచూట్‌ని ఫొటోలో కొలిస్తే 11 మీటర్ల చిల్లర కనిపించేది ఇందుకే. 0.6 అన్న గుణకం కూడా ఆ ఊహా వృత్తానికి కట్టిందే, ఫొటోలో కనిపించే వ్యాసానికి కాదు.

చక్రాన్నే 16 మీటర్లు కోస్తే ఏమవుతుంది? మొత్తం వైశాల్యం 201 నుంచి 379కి పోతుంది. పెద్దదైతే మంచిదేగా అనకండి. మాక్ 1.7 (ధ్వని వేగానికి 1.7 రెట్లు) దగ్గర, సెకనుకు 400 మీటర్ల వేగంలో, 0.007 సాంద్రతలో తెరిస్తే డైనమిక్ ప్రెషర్ (ఎదురుగాలి వేగం వల్ల పడే ఒత్తిడి, ½ × సాంద్రత × వేగం²) 560 పాస్కల్స్. దాన్ని 0.6తో, 201తో, తెరుచుకునేటప్పటి కుదుపుకి 1.3తో గుణిస్తే దాదాపు 88 కిలోన్యూటన్లు. 48 తాళ్లకు పంచితే తాడుకి 1.8. మీరు కోసిన గుడ్డ మీద అదే 3.5 అవుతుంది. లెక్క ప్రకారం కొన్న తాడు తెగుతుంది. తాళ్ల వాలు వల్ల పెరిగేది 2 శాతమే, వదిలేయండి. కానీ చివర్లు ముడి వేయకండి, ముడి దగ్గర బలం సగం దాకా పోవచ్చు. మడిచి కుట్టండి. నేనైతే లెక్కకి రెండింతల బలం లేని తాడు ముట్టుకోను.

గుడ్డ బలానికి ఈ ఒక్క సంఖ్య చాలదు. 2014, 2015లో నాసా 30 మీటర్లు దాటిన పారాచూట్లను ధ్వనిని మించిన వేగంలో తెరిచి చూసింది. రెండూ చిరిగాయి. పూర్తిగా విచ్చుకున్నాక పడే బరువొక్కటే కాదు, విచ్చుకుంటున్నప్పుడు గుడ్డలో ఒక్కోచోట పడే లాగుడూ చూడాలి. అందుకే పర్సెవరెన్స్ పారాచూట్‌ని 2018లో రాకెట్‌తో పైకి పంపి తెరిచి చూశారు. 0.4 సెకన్లలో విచ్చుకుని, దాదాపు 300 కిలోన్యూటన్లు తట్టుకుంది.

సాధన: 1 మీటరు పారాచూట్ కుట్టండి. పల్చటి నైలాన్ గుడ్డ, చక్రం వ్యాసం 72.8 సెంటీమీటర్లు, ఖాళీ 4.1, పట్టీ 12. పదహారు దారాలు, ఒక్కోటి 1.7 మీటర్లు, పట్టీ నుంచి ఖాళీ దాటించి చక్రం అంచు దాకా కుట్టాలి. 100 గ్రాముల బరువు కట్టి, దిగే వేగాన్ని ముందే కాగితం మీద లెక్కవేసుకోండి. ఆపైన మూడో అంతస్తు నుంచి వదిలి ఫోన్‌లో వీడియో తీయండి. తర్వాత ఖాళీ చుట్టూ టేప్ అంటించి మూసేసి మళ్లీ వదలండి. రెండు వీడియోల్లో బరువు పక్కలకి ఎన్నెన్ని డిగ్రీలు ఊగిందో కొలిచి పంపండి.