పాత సైనిక రైఫిల్ కొనే ముందు: గొట్టం కంటే ముందు అంకెలు చూడండి

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు పాత రైఫిల్ అమ్మకానికి వచ్చిందంటే దాని వెనక ఏదో ఒక కథ ఉంటుంది. గడీలో వాటాలు పంచుకుంటుంటే అటక మీద దొరికిందని ఒకరు చెబుతారు. తాతగారి పేరున లైసెన్సు ఉండేదని ఇంకొకరు అంటారు. మాజీ సైనికుడెవరో వదిలించుకుంటున్నాడని మధ్యవర్తి వచ్చి చెవిలో ఊదుతాడు. కథ ఎంత బాగుంటే అంత జాగ్రత్త అవసరం. రైఫిల్ చేతికి రాగానే గొట్టంలోకి తొంగి చూడటం అందరికీ అలవాటు. దానికంటే ముందు చూడాల్సినవి ఇనుము మీద కొట్టిన అంకెలు.

మొదట బోర్, అంటే గొట్టం లోపలి వ్యాసం. మన దగ్గర పాత సైనిక రైఫిల్ అంటే చాలావరకు లీ ఎన్‌ఫీల్డే. బెంగాల్‌లోని ఈషాపూర్ కర్మాగారంలో తయారై, రెండు ప్రపంచ యుద్ధాల్లో పనిచేసి, ఆ తర్వాత దశాబ్దాలపాటు పోలీసు సెంట్రీల భుజాన వేలాడిన త్రీనాట్‌త్రీ ఇదే. దీని అసలు బోర్ .303. మన దేశంలో దాన్ని సైనిక బోర్‌గా, అంటే నిషిద్ధ బోర్‌గా లెక్కగడతారు. జిల్లా కలెక్టర్ ఇచ్చే మామూలు లైసెన్సు దానికి చాలదు, కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. నిషిద్ధ ఆయుధాన్ని అనుమతి లేకుండా దగ్గర ఉంచుకుంటే, 2019లో ఆయుధాల చట్టానికి చేసిన సవరణ ప్రకారం కనీసం 7 ఏళ్లు, గరిష్ఠంగా 14 ఏళ్లు శిక్ష పడుతుంది. ముచ్చటపడి .303 కొనడం కొరివితో తల గోక్కోవడమే.

సామాన్య లైసెన్సుదారుకు దొరికేది దీని తోబుట్టువు, .315 స్పోర్టింగ్ రైఫిల్. అదే లీ ఎన్‌ఫీల్డ్ నమూనా మీద ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలు పౌరుల కోసం చేసినది, బోర్ 8 మిల్లీమీటర్లు. దూరం నుంచి చూస్తే రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. అందుకే లైసెన్సు పుస్తకంలో .315 అని రాసి ఉన్నంత మాత్రాన చేతిలో ఉన్నది అదేనని నమ్మకూడదు. గొట్టం మొదట్లోనో, తూటా కూర్చునే చాంబర్ దగ్గరో ఉన్న బోర్ గుర్తును కళ్లతో చూడాలి. గుర్తు అరగదీసినట్టు కనబడినా, అక్కడి మెరుపు చుట్టూ ఉన్న ఇనుముకు భిన్నంగా కనబడినా ఆ బేరం అక్కడితో ఆపేయండి.

తర్వాత నంబర్లు. సైనిక లీ ఎన్‌ఫీల్డ్‌లో భుజానికి ఆనించే మడమ వచ్చి ఇనుముకు కలిసే చోట, కుడి పక్కన, కిరీటం గుర్తు, దాని కింద తయారీ సంవత్సరం, మోడల్ ఉంటాయి. స్వాతంత్ర్యానికి ముందటి ఈషాపూర్ సరుకైతే బ్రిటిష్ రాజు పేరుకు సంకేతంగా జీ ఆర్ ఐ అనే అక్షరాలు కూడా కనబడతాయి. గొట్టం, అది బిగించి ఉండే ఇనుప చట్రం అంటే రిసీవర్, తూటాను లోపలికి తోసి మూసే బోల్టు పిడి వెనక భాగం, వీటన్నిటి మీదా ఒకే వరుస సంఖ్య ఉండాలి. బోల్టు మీద వేరే సంఖ్య ఉంటే అది వేరే రైఫిల్ నుంచి వచ్చి చేరిందన్నమాట. అలాంటిది తూటా పేలుడును సరిగ్గా అడ్డుకుంటుందన్న భరోసా లేదు. పైగా లైసెన్సులో నమోదైన నంబరుకు, ఇనుము మీది నంబరుకు ఒక్క అంకె తేడా వచ్చినా కాగితం దృష్టిలో మీ చేతిలో ఉన్నది వేరే ఆయుధం. జవాబు చెప్పుకోవాల్సింది అమ్మినవాడు కాదు, మీరు.

కాగితాల సంగతి ఓపికగా చూడాలి. అమ్మేవాడి లైసెన్సు నడుస్తున్నదేనా, అందులో జాతీయ డేటాబేస్ ఇచ్చిన విశిష్ట సంఖ్య, అంటే యూఐఎన్ ఉందా అని అడగండి. ఇప్పుడు ఒకరి దగ్గర రెండు ఆయుధాలకు మించి ఉండకూడదు. మీ దగ్గర ఇప్పటికే రెండుంటే బేరానికి పోవడమే దండగ. డీలరు కాని వ్యక్తి అమ్మదలిస్తే, ఎవరికి అమ్ముతున్నాడో పేరు, చిరునామాతో కలెక్టర్‌కుగానీ దగ్గరి పోలీసు స్టేషన్‌కుగానీ రాతపూర్వకంగా తెలపాలి. ఆ తర్వాత కనీసం 45 రోజులు గడవాలి. అంతకుముందు ఆయుధం చేతులు మారకూడదు. ‘ఇవాళే తీసుకుపొండి, రేపు రాసుకుందాం’ అనేవాడు మిమ్మల్ని ఇరికించేవాడే.

తాతగారి తుపాకీ అయితే ఇంకో చిక్కు. లైసెన్సుదారు చనిపోతే ఆ ఆయుధాన్ని వారసులు పోలీసు స్టేషన్‌లోనో, అనుమతి ఉన్న డీలరు దగ్గరో జమచేయాలి. ఆపైన వారసత్వ లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. లైసెన్సుదారు బతికుండగానే, 70 ఏళ్లు నిండినా, ఆయుధం 25 ఏళ్లుగా తన దగ్గరున్నా, వారసుడికి బదలాయించడానికి 2016 నియమాల్లో వీలుంది. ఇంట్లో ఇలాంటి పెద్దలున్నవారు ఈ దారి ముందే చూసుకోవడం మేలు. ఇక పునాదులు తవ్వుతుంటే బయటపడే తుపాకుల మాట. 1946 నుంచి 1951 వరకు సాయుధ పోరాటం సాగిన నేల ఇది. ఏ బావి గట్టున ఏముందో ఎవరికీ తెలియదు. దొరికింది తుప్పుపట్టిన కడ్డీలాగే ఉన్నా ఇంటికి తేకుండా పోలీసులకు చెప్పండి.

‘తూటాను కొట్టి పేల్చే పిన్ తీసేశాం, ఇక ఇది షోకేసు సామానే’ అనే మాటా వినబడుతుంది. చట్టం అంత తేలిగ్గా వదలదు. మరమ్మతు చేసినా, చేయకపోయినా పేలే అవకాశమే లేని పాత ఆయుధానికే మినహాయింపు. ఫైరింగ్ పిన్ మళ్లీ బిగిస్తే పేలేది ఆ కోవలోకి రాదు. ఎన్‌సీసీలో కవాతుకు వాడిన డీపీ (డ్రిల్ పర్పస్) ముద్ర రైఫిళ్లయితే కాల్చడానికి పనికిరావని ముద్ర వేసినవే. వాటిలో తూటా పెట్టే ఆలోచనే వద్దు.

అంకెలు, కాగితాలు సరిపోయాకే ఇనుము జోలికి రండి. ముందు మ్యాగజైన్ తీసి, బోల్టు వెనక్కి లాగి, చాంబర్ ఖాళీగా ఉందని చూపుతోనూ వేలితోనూ నిర్ధారించుకోండి. బోల్టు పూర్తిగా బయటకు తీసి, వెనక వైపు తెల్లకాగితం పెట్టి వెలుతురు పడేలా చేసి ముందు నుంచి చూడండి. లోపలి మెలిక గాడులు పదునుగా, గీత తప్పకుండా కనబడాలి. నల్లని గుంటలున్నాయంటే అది పాత సైనిక తూటాల పుణ్యమే. వాటి అడుగున నిప్పు రగిల్చే ప్రైమర్‌లోని లవణం గొట్టంలో మిగిలిపోయి గాలిలోని తేమను పీల్చి లోహాన్ని తినేస్తుంది. అందుకే సైన్యంలో కాల్చిన తర్వాత గొట్టాన్ని మరిగే నీటితో కడిగేవారు. ఆ తర్వాత గొట్టం మూతిని చూడండి. శుభ్రం చేసే తాడు ఏళ్లపాటు ఒకే పక్క రాసుకుని మూతి అండాకారంగా అరిగితే, ఎంత మెరిసినా తూటా గురి తప్పుతుంది.

ప్రాణం మీదికి తెచ్చేది మాత్రం బోల్టు తలకూ, తూటా అడుగుకూ మధ్య ఉండే ఖాళీ. లీ ఎన్‌ఫీల్డ్ బోల్టు వెనక భాగంలో లాక్ అవుతుంది కాబట్టి అరిగిన కొద్దీ ఆ ఖాళీ పెరిగి, ఇత్తడి తొడుగు సాగి, ఒక్కోసారి మధ్యలో తెగుతుంది. కాల్చిన తొడుగు అడుగుకు కాస్త పైన మెరిసే వలయం కనబడితే అది హెచ్చరిక. కొలిచే గేజ్ ఉన్న లైసెన్సుగల మరమ్మతుదారుకు చూపించండి, అనుభవజ్ఞుడైన మిత్రుడు చాలడు. కర్రకు పగుళ్లున్నాయా అన్నది చివర్లో చూడొచ్చు. కర్ర మారుతుంది.

అచ్చంపేట, అమ్రాబాద్ వైపు అడవి పందుల కోసమని రైఫిల్ వెతికేవారికి ఒక మాట. ఈ తూటా రెండు కిలోమీటర్లకు మించి పోతుంది. చుట్టూ చేలూ, తండాలూ ఉన్న చోట ఇది పొలం కాపలాకు తగింది కాదు. పైగా అది పులుల అభయారణ్యం, అక్కడ అటవీశాఖ అనుమతి లేకుండా కాల్పులు జరిపితే వన్యప్రాణి చట్టం కింద కేసు తప్పదు.

ఇక కొనడమే. డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి, రసీదులో బోర్, నంబరు, తేదీ రాయించుకోండి, మీ లైసెన్సులో నమోదు పూర్తయ్యాకే ఆయుధం తీసుకోండి. ఎన్నికల నోటిఫికేషన్ వచ్చే కాలమైతే స్టేషన్‌లో జమచేయమని అడుగుతారు, ఆ రసీదు కూడా జాగ్రత్త. తాళమున్న ఇనుప పెట్టె ఇంట్లో లేకపోతే మొదట అది కొనండి, తూటాలకు వేరే తాళం ఉండాలి.