విదేశాల నుంచి వచ్చి కొత్తగా దిగారా? ఇంట్లో నెట్ తెగిపోతుంటే ఇలా చూసుకోండి

విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో ఇల్లు తీసుకుని ఫైబర్ కనెక్షన్ పెట్టించుకున్నాక నెట్ ఆగితే, చాలామంది ముందు చేసేది రూటర్ వెనక సన్న రంధ్రంలో పిన్ను గుచ్చి రీసెట్ కొట్టడం. దయచేసి ఆ పని చేయకండి. నెట్ కంపెనీ ఇచ్చిన పీపీపీఓఈ (అంటే కనెక్షన్ లాగిన్) యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కూడా దాంతో చెరిగిపోవచ్చు. ఇక కేబుల్ అబ్బాయి వచ్చేదాకా కూర్చోవాల్సిందే. ఆ రెండూ కనెక్షన్ ఇచ్చిన రోజే కాగితం మీద రాయించుకోండి.

ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: తేడా బయటి లైన్లో ఉందా, ఇంట్లో వైఫైలో ఉందా? మోడెం అని మనం పిలిచే ఓఎన్‌టీ పెట్టె మీది లైట్లు చూడండి. పాన్ (PON) లైటు నిలకడగా పచ్చగా ఉండి, ఎల్‌ఓఎస్ (LOS) లైటు ఆరి ఉంటే ఫైబర్‌లో సిగ్నల్ వస్తున్నట్టే. ఎల్‌ఓఎస్ ఎర్రగా మెరుస్తుంటే ఇంటిదాకా కాంతి రావట్లేదు. ఎన్నిసార్లు ఆపి వేసినా లాభం ఉండదు.

అప్పుడు మీరు చూడగలిగేవి రెండు. ఆకుపచ్చ కనెక్టరు టక్కుమని కూర్చుందా? టీవీ స్టాండు వెనక సన్న వైరు నలిగిందా? లోపల ఉన్నది గాజు పోగు. మేకుకు చుట్టినా, తలుపు సందులో ఇరుక్కున్నా కాంతి బయటికి పోతుంది. మిగిలిన వైరును కనీసం 6 సెంటీమీటర్ల వెడల్పు చుట్టగా వదులుగా పెట్టండి. కనెక్టరు కొనలోకి మాత్రం తొంగి చూడకండి. ఆ కాంతి కనబడదు, కంటికి హాని చేయొచ్చు.

నెట్ కాసేపు ఉండి కాసేపు పోతుంటే, మనిషి వచ్చినప్పుడు 'పవర్ ఎంత వస్తోంది బాబూ?' అని అడిగి మీటరు పెట్టించండి. మీటరులో కాంతి బలం మైనస్ 15 నుంచి మైనస్ 24 డీబీఎం మధ్య ఉంటే బాగున్నట్టు. మైనస్ 27 దగ్గరికి వస్తే తెగుతూనే ఉంటుంది. అలాంటప్పుడు మోడెం మార్చినా ఒరిగేదేమీ లేదు, స్తంభం దగ్గరి జాయింటు మళ్లీ వేయించాల్సి రావచ్చు.

లైట్లన్నీ సరిగా ఉంటే వైఫైకి కలిపిన ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 192.168.1.1కు (ఇది మీ రూటర్), తర్వాత 8.8.8.8కు (ఇది బయటి గూగుల్ సర్వర్) పింగ్ కొట్టండి, అంటే ping అని రాసి పక్కన ఆ అడ్రసు ఇచ్చి జవాబు వస్తోందో లేదో చూడండి. మీ రూటర్ అడ్రసు వేరైతే అదే వాడండి. మొదటిదే తడబడితే తప్పు వైఫైది. మొదటిది నిలకడగా ఉండి రెండోది తెగితే కంపెనీకి ఫిర్యాదు చేయండి.

వైఫైదే అయితే పెట్టె ఎక్కడుందో చూడండి. ఇనప బీరువా పక్క నుంచి తీసి, హాలు మధ్యకు, తల ఎత్తున పెట్టండి. పెంకుటింటి మందపాటి గోడల్ని, డాబా స్లాబుని 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ సరిగా దాటలేదు. మేడ మీద గది ఉంటే క్యాట్ 6 కేబుల్ లాగి అక్కడ ఇంకో రూటర్ పెట్టడమే మేలు.

అమెరికా నుంచి తెచ్చిన రూటర్ పనికొస్తుంది గానీ, అక్కడి కేబుల్ మోడెం ఇక్కడి ఫైబర్‌కు పనికిరాదు. అడాప్టర్ మీద 100–240 వోల్టులని ఉందో లేదో చూశాకే పెట్టండి. బల్లపరుపు పిన్నులకు తగిలించే చవక ప్లగ్ కన్వర్టర్ వదులైతే రూటర్ దానంతటదే ఆగి మొదలవుతుంటుంది. నెట్ తెగడానికి అదే కారణం కావచ్చు. ఓఎన్‌టీలోనే కంపెనీ లాగిన్ ఉంటే మీ రూటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (వైఫై మాత్రమే పంచేలా) పెట్టండి. లేకపోతే రెండూ రూటర్లుగా పనిచేసి ఆఫీసు వీపీఎన్ ఇబ్బంది పెట్టొచ్చు. ఇక్కడి రూటర్ 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో 12, 13 ఛానెళ్లు ఎంచుకుంటే అక్కడ కొన్న ఫోన్లకు వైఫై కనబడకపోవచ్చు. 1, 6, 11లో ఒకటి ఖాయం చేయండి.

కరెంటు పోయిన ప్రతిసారీ రూటర్ ఆగి మొదలవుతుంటే ఇన్వర్టర్ స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉందేమో చూడండి. ఇన్వర్టర్ లేకపోతే మినీ యూపీఎస్ కొనండి. వోల్టులు అడాప్టర్ మీద అవుట్‌పుట్ అని రాసినంతే, సాధారణంగా 12, ఉండాలి. ఆంపియర్లు అక్కడ రాసినదానికి తగ్గకూడదు.

ఇది తుపాన్ల తీరం. 2018 అక్టోబరు 11న తిత్లీ శ్రీకాకుళం జిల్లా మీదే తీరం దాటింది. స్తంభాల మీది ఫైబర్ తెగితే రోజులు పట్టొచ్చు. వేరే కంపెనీ సిమ్ ఒకటి డేటా వేయించి ఇంట్లో ఉంచుకోండి.