సునామీ తీరం వెంట ఒక్కళ్ళే బస్సులో: సన్రికు బీఆర్టీ ట్రిప్ ఎలా ప్లాన్ చేస్కోవాలి

జపాన్‌లో ఉండే మనవాళ్ళకి లాంగ్ వీకెండ్ వస్తే క్యోటో, ఒసాకా, ఫుజి, మరీ ఊపు ఉంటే హొక్కైడో, అంతే. ఈశాన్య జపాన్‌లోని తోహొకు తూర్పు తీరం, అదే సన్రికు, అంటే "సునామీ వచ్చిన చోటు కదా, ఇప్పుడక్కడ ఏముంటుంది" అంటారు. చాలా ఉంది. పైగా కారు అక్కర్లేదు, తోడు అక్కర్లేదు, జపనీస్ అంతంత మాత్రమే వచ్చినా పర్లేదు, బస్సెక్కి కూర్చుంటే మియాగి జిల్లా నుంచి ఇవాతే జిల్లా దాకా తీరం వెంటే తీసుకెళ్తుంది. కాకపోతే పది స్పాట్లు కవర్ చేద్దాం అనే లెక్కలో వెళ్తే ఏమీ మిగలదు. తక్కువ స్టాపుల్లో దిగాలి, దిగిన చోట ఎక్కువసేపు ఉండాలి, కింద చెప్పేదంతా దాదాపు ఆ ఒక్క మాట చుట్టూనే.

ముందు బస్సు సంగతి. 2011 మార్చి 11 మధ్యాహ్నం 2:46కి భూకంపం, తీవ్రత 9.0, ఆ వెనకే సునామీ, చనిపోయినవాళ్ళు, ఆచూకీ దొరకనివాళ్ళు కలిపి 18 వేల పైనే. ఈ తీరంలో నడిచే కెసెన్నుమా లైన్, ఓఫునాతో లైన్ అనే రైలు మార్గాల పట్టాలు, స్టేషన్లు, వంతెనలు చాలా చోట్ల ఊడ్చుకుపోయాయి. మళ్ళీ పట్టాలు వెయ్యాలంటే ఏళ్ళకేళ్ళు పడుతుంది, బోలెడు ఖర్చు, ఎక్కే జనమేమో తక్కువ. అందుకని జేఆర్ ఈస్ట్ రైల్వే కంపెనీ వాళ్ళు 2012లో కెసెన్నుమా లైన్ మీద, 2013లో ఓఫునాతో లైన్ మీద బీఆర్టీ (బస్ రాపిడ్ ట్రాన్సిట్) పెట్టారు, అంటే పాత రైలు కట్ట మీదే రోడ్డు వేసి బస్సులకి మాత్రమే ఇచ్చారు. మొదట తాత్కాలికం అన్నారు గానీ 2020 ఏప్రిల్‌లో ఆ రైలు భాగాలని అఫీషియల్‌గా రద్దు చేసేశారు. సో మీరు ఎక్కే ఎర్ర బస్సు ఒకప్పటి రైలు టన్నెళ్ళలోంచి, రైలు వంతెనల మీంచి పోతుంది, మధ్యలో కట్ట దొరకని చోట మామూలు రోడ్డెక్కుతుంది, మళ్ళీ కట్ట మీదకొస్తుంది. యానాయిజు నుంచి కెసెన్నుమా 55.3 కిలోమీటర్లు, అక్కడి నుంచి సకారి 43.7, కలిపి వంద కూడా లేదు, ఆగకుండా పోతే ఒక పూటలో అయిపోతుంది, కానీ అలా పోవద్దనే చెప్తున్నా.

ఎలా వెళ్ళాలంటే, టోక్యో నుంచి షింకాన్‌సెన్‌లో (బుల్లెట్ రైలు) సెందాయ్ గంటన్నర, అక్కడ లోకల్ రైలెక్కి కొగోతాలో మారి మాయెయాచి, మళ్ళీ మారి యానాయిజు, అక్కడ బస్సు. మార్పులు విసుగనిపిస్తే సెందాయ్ నుంచి షిజుగావా వైపు, కెసెన్నుమా వైపు హైవే బస్సులు కూడా ఉన్నాయి. వెనక్కి వచ్చేటప్పుడు ఇదే దారిలో రాకండి, కెసెన్నుమా నుంచి ఇచినోసెకి దాకా రైలు ఇప్పటికీ నడుస్తుంది, అక్కడ షింకాన్‌సెన్ దొరుకుతుంది. దక్షిణం నుంచి ఉత్తరానికి పోతే సముద్రం కుడివైపు, సీటు కుడి కిటికీ పక్కన పట్టుకోండి. ఇండియా నుంచి టూరిస్ట్ వీసా మీద వచ్చినవాళ్ళు జేఆర్ పాస్ ఉంటే అదే చూపించి బీఆర్టీ ఎక్కొచ్చు. రీజనల్ పాసుల రూల్స్, రేట్లు మాత్రం మారుతూ ఉంటాయి, కొనేముందు జేఆర్ ఈస్ట్ సైట్ ఒకసారి చూస్కోండి. పాస్ లేకపోతే ఎక్కగానే నంబర్ చీటీ తీస్కోవాలి, ముందర బోర్డు మీద ఆ నంబర్ కింద ఛార్జీ పెరుగుతూ కనిపిస్తుంది, దిగేటప్పుడు డ్రైవర్ పక్కన డబ్బాలో వెయ్యాలి. వెయ్యి యెన్ల నోట్లు, చిల్లర జేబులో ఉంచుకోండి, పదివేల నోటు తీసి డ్రైవర్ మొహం చూడొద్దు.

అసలు జాగ్రత్త టైమ్‌టేబుల్ దగ్గరే. బస్సు గంటకొకటి అనుకోండి, కొన్ని టైముల్లో అదీ ఉండదు, సాయంత్రం దాటాక ఇంకా తక్కువ. టోక్యోలో నిమిషాల్లో ఇంకో రైలొచ్చే యమనోతే లైన్ అలవాటైన ప్రాణాలకి ఇది పెద్ద దెబ్బ. రాత్రే కూర్చుని రేపు ఏ స్టాపులో ఎన్నింటికి దిగుతా, ఎన్నింటికి ఎక్కుతా, ఆఖరి బస్సు ఎన్నింటికి అని ఫోన్‌లో నోట్ చేస్కుని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఒక స్టాపుకి కనీసం రెండు గంటలు ఇవ్వండి. పెద్ద సూట్‌కేస్ వద్దు, చాలా స్టాపుల్లో ఒక షెల్టరు, ఒక బెంచీ తప్ప ఏమీ ఉండదు, లాకర్లు గట్రా పెద్ద స్టేషన్లలోనే. రెండు రాత్రులు పెట్టుకుంటే హాయి, ఒకటి మినామిసన్రికు ఊళ్ళో, ఇంకోటి కెసెన్నుమాలో.

మినామిసన్రికుకి షిజుగావా స్టేషన్‌లో దిగాలి. దిగిన పక్కనే సన్‌సన్ షాపింగ్ విలేజ్, ఆర్కిటెక్ట్ కెంగో కుమా డిజైన్ చేసిన చెక్క దుకాణాల వరుస, 2017లో తెరిచారు. ఆ నేలంతా దాదాపు పది మీటర్లు మట్టి పోసి ఎత్తు చేసింది, ఆ సంగతి అక్కడ నిలబడితే తెలీదు, వంతెన దాటి అవతలి పార్కులోకి దిగితే తెలుస్తుంది. అక్కడ పాత నేల మట్టం మీద మూడంతస్తుల ఎర్ర ఇనుప చట్రం ఒకటి నిలబడి ఉంటుంది, గోడల్లేవు, మెట్లు వంగిపోయి ఉంటాయి. అది టౌన్ విపత్తు నివారణ ఆఫీసు. బిల్డింగ్ ఎత్తు 12 మీటర్లు, వచ్చిన నీళ్ళు 15.5 మీటర్లు, 43 మంది పోయారు. ఎత్తైన చోటికి పొండి, పొండి అని చివరిదాకా మైకులో చెప్తూ ఉండిపోయిన యువ ఉద్యోగిని కూడా వాళ్ళలో ఉంది. ఈ చట్రాన్ని కూల్చేయాలని కొందరు, ఉంచాలని కొందరు ఏళ్ళ తరబడి వాదించుకున్నారు, 2024లో టౌనే దాన్ని శాశ్వతంగా ఉంచుతామని నిర్ణయించింది. ముందు చేతులు జోడించండి, తర్వాతే ఫోటో, సెల్ఫీ అసలొద్దు.

స్టేషన్‌కి ఆనుకునే 311 మెమోరియల్ ఉంది, 2022లో తెరిచారు, అందులో బతికినవాళ్ళ మాటలు వినిపించి "ఇదే మీరైతే ఏం చేసేవాళ్ళు" అని అడుగుతారు. మోఆయ్ (చిలీ ఈస్టర్ ద్వీపపు రాతి తల) విగ్రహం కూడా కనిపిస్తుంది, చిలీది ఇక్కడేం పని అంటారా, 1960లో చిలీ భూకంపం తాలూకు సునామీ పసిఫిక్ మొత్తం దాటొచ్చి షిజుగావాలో 41 మందిని తీసుకుపోయింది, అప్పటి నుంచి ఈ ఊరికి చిలీతో చుట్టరికం.

నన్నడిగితే ట్రిప్ మొత్తానికి గట్టి భాగం మినామిసన్రికు హోటల్ కాన్యో వాళ్ళ కతరిబె బస్సు. కతరిబె అంటే జరిగింది కళ్ళారా చూసి చెప్పేవాళ్ళు. హోటల్‌లో దిగినవాళ్ళని పొద్దున్నే బస్సులో తిప్పుతూ హోటల్ స్టాఫే చెప్తారు, వాళ్ళూ ఆరోజు అక్కడున్నవాళ్ళే, ఆ హోటలే 600 మంది దాకా నిర్వాసితులకి నెలల తరబడి నీడ ఇచ్చింది. తకానో కైకాన్ అనే బిల్డింగ్ దగ్గర ఆపుతారు. ఆరోజు అందులో పెద్దవాళ్ళ కళాప్రదర్శన ఉంది, భూకంపం రాగానే ఇంటికి పోతామని బయల్దేరిన ముసలివాళ్ళని స్టాఫ్ అడ్డుపడి పైకెక్కించారు, 327 మంది బతికారు. చెప్పడం జపనీస్‌లోనే, కాబట్టి ముందు రోజు ఈ కథలు చదువుకుని వెళ్తే చెయ్యి ఎటు చూపిస్తున్నారో చూసినా సగం అర్థమవుతుంది. హోటల్ ఖర్చు బిజినెస్ హోటళ్ళ కంటే ఎక్కువే, నా లెక్కలో అక్కడే పెట్టాలి, మిగతా రాత్రి చవకగా సర్దుకోవచ్చు.

కెసెన్నుమా చేపల రేవు, పడవల నుంచి దించే పచ్చి కాత్సుఓ (ట్యూనా జాతి చేప) లెక్కలో ఎన్నో ఏళ్ళుగా జపాన్‌లో ఫస్ట్. ఊళ్ళోకి పోయేముందే రికుజెన్ హషికామిలో దిగి కొంచెం నడిస్తే పాత కోయో హైస్కూల్, 2019 నుంచి మ్యూజియం. మూడో అంతస్తు తరగతి గదిలో బోర్లాపడ్డ కారు ఇంకా అలాగే ఉంది, నీళ్ళు నాలుగో అంతస్తు దాకా వచ్చాయి. ఆరోజు బడిలో ఉన్న పిల్లలు మొదట గుడికి, అక్కడా లాభం లేదని ఇంకా ఎత్తుకి పరిగెత్తి బతికారు. మ్యూజియాలకి సోమవారం సెలవు ఉంటుంది చాలాసార్లు, కనుక్కుని వెళ్ళండి. సాయంత్రం రేవు వైపు తిరిగి చిన్న హోటల్లో భోజనం చెయ్యండి, సొర చేప రెక్కల సూప్ అంటే ప్రాణం ఒప్పకపోతే కాత్సుఓ చాలు.

తర్వాత రికుజెన్‌తకాత. "కిసెకి నో ఇప్పోన్‌మాత్సు" అని స్టాపు పేరే ఉంటుంది, 70 వేల పైన్ చెట్ల తోపులో మిగిలిన ఒకే ఒక్క చెట్టు. అదీ ఉప్పునీళ్ళకి వేళ్ళు కుళ్ళి 2012లో చచ్చిపోయింది, ఇప్పుడున్నది లోపల చట్రం పెట్టి నిలబెట్టిన స్మారకం. దగ్గర్లోనే ఇవాతే సునామీ మెమోరియల్ మ్యూజియం, టికెట్ లేదు, ఇంగ్లీష్‌లో కూడా రాసి ఉంటుంది, ఒక్క మ్యూజియమే చూడగలం అంటే ఇదే చూడండి. నలిగిపోయిన ఫైరింజన్, వంకర్లు తిరిగిన వంతెన ముక్క ఉంటాయి లోపల. బయటికొచ్చి 12.5 మీటర్ల సముద్రపు గోడ ఎక్కి వెనక్కి తిరిగి ఊరు చూడండి. కొండ తవ్వి కన్వేయర్ బెల్టు మీద మట్టి తెచ్చి ఊరినే పైకి లేపారు, కానీ లేపేలోపు చాలామంది వేరే చోట స్థిరపడిపోయారు, అందుకే ఎత్తు చేసిన నేలలో ఖాళీ జాగాలు ఇంకా కనిపిస్తాయి. అంతా బాగైపోయింది అని బ్రోచర్లు చెప్తాయి గానీ బస్సు కిటికీలోంచి చూసేవాడికి రెండూ కనిపిస్తాయి, కొత్త రోడ్లూ కనిపిస్తాయి, ఎవరూ రాని ప్లాట్లూ కనిపిస్తాయి.

మనుషులతో ఎలా ఉండాలంటే, మన దివిసీమలో 1977 ఉప్పెన చూసిన పెద్దవాళ్ళు ఇంట్లో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, "మీ ఇంట్లో ఎవరు పోయారు" అని మొదటి మాటే అడగం కదా, ఇక్కడా అంతే. కొట్లో ఏదైనా కొనండి, ఎక్కడి నుంచి వచ్చారని వాళ్ళే అడుగుతారు, "ఇండో" (జపనీస్‌లో ఇండియా) అనండి, మాట కలుస్తుంది, చెప్పాలనిపిస్తే చెప్తారు. ట్రాన్స్‌లేటర్ యాప్ ఉంచుకోండి. కన్వీనియన్స్ స్టోర్‌లో తినేసి ఫోటోలు తీస్కుని వెళ్ళిపోతే ఆ ఊరికి ఒరిగేదేమీ లేదు, భోజనం, కాఫీ, వకామె (సముద్రపు నాచు) ప్యాకెట్లు అక్కడి దుకాణాల్లోనే కొనండి.

వెజిటేరియన్లకి మాత్రం నిజం చెప్పాలి, కష్టం. కూరగాయల ఉడోన్ (నూడుల్స్) అన్నా అందులో చేప ఉడికించిన నీళ్ళే. ఉమెబోషి ఒనిగిరి (పుల్లటి ఊరబెట్టిన పండు పెట్టిన అన్నం ముద్ద), బ్రెడ్డు, పండ్లు, బ్యాగులో ఆవకాయ సీసా, పులిహోర పేస్టు, ఇలా నడిపించాలి. చేపలు తినేవాళ్ళకి సన్‌సన్‌లో కిరాకిరా-దోన్ అని అన్నం మీద సముద్రమంతా పేర్చి ఇస్తారు, మధ్యాహ్నం లేట్ చేస్తే అయిపోతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి, ఇది ఇప్పటికీ సునామీ తీరమే. రోడ్డు పక్కన "ఇక్కడి నుంచి సునామీ ముంపు ప్రాంతం", "ఇక్కడితో సరి" అని బోర్డులు కనిపిస్తూనే ఉంటాయి. ఏ స్టాపులో దిగినా ఎత్తుకి దారి ఎటుందో ముందు చూస్కోండి. ఫోన్‌లో సేఫ్టీ టిప్స్ యాప్ వేస్కోండి, గట్టిగా ఊగినా, చాలాసేపు ఊగినా అలర్ట్ కోసం చూడకుండా కొండెక్కండి, బ్యాగు పోతే పోనివ్వండి. ఊపు తెలీకుండా కూడా సునామీ రావచ్చు, 2025 జూలై 30న భూకంపం రష్యాలోని కమ్చట్కా దగ్గర వస్తే ఇవాతేలోని కుజి రేవులో మీటరుకి పైగా అల వచ్చింది, పసిఫిక్ తీరంలో రైళ్ళు ఆపేశారు. అలాంటి రోజు పడితే ప్లాన్ వదిలేసి ఎత్తులో ఉన్న చోట కూర్చోడమే. అన్నట్టు ఈ మధ్య తోహొకులో ఎలుగుబంట్ల గొడవ ఎక్కువైంది, శరదృతువులో తెల్లారకుండా కొండ దారుల్లో ఒంటరిగా నడవొద్దు, హోటల్ వాళ్ళని అడిగి వెళ్ళండి.

సకారితో బీఆర్టీ అయిపోతుంది. ఓపికుంటే అదే స్టేషన్‌లో సన్రికు రైల్వే ఎక్కొచ్చు, కుజి దాకా 163 కిలోమీటర్లు, జేఆర్ పాస్ పనిచెయ్యదు, టికెట్ కొనాలి. అంత దూరం వద్దనుకుంటే కమాయిషిలో దిగి జేఆర్ రైలెక్కితే షిన్-హనమాకిలో షింకాన్‌సెన్ దొరుకుతుంది, రాత్రికి టోక్యో చేరాలంటే మాత్రం సకారి నుంచి మధ్యాహ్నం లోపే బయల్దేరేలా చూస్కోండి.