సీఓపీడీ (ఆయాసం తెచ్చే దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బు) ఉన్నవాళ్ళకి వ్యాయామం, మూడో పాఠం: కాలవ గట్టు మీద నడక

పెదాలు సున్నాలా చుట్టి నెమ్మదిగా గాలి వదలడం, కుర్చీలోంచి లేచి కూర్చోవడం పోయిన రెండు పాఠాల్లో చూశాం. ఆ రెండూ అలవాటయ్యాకే ఇది మొదలుపెట్టండి. గుండె జబ్బు ఉన్నవాళ్ళు, ఇంట్లో ఆక్సిజన్ వాడేవాళ్ళు ముందు డాక్టరుగారిని అడగాలి.

నడిస్తే ఆయాసం ఎందుకొస్తుంది? ఈ జబ్బులో గాలి గొట్టాలు ఇరుకవుతాయి. పీల్చిన గాలి పూర్తిగా బయటికి పోకముందే మళ్ళీ పీల్చేస్తాం. గబగబా నడిచేకొద్దీ వదలడానికి టైము తగ్గి, లోపల గాలి నిలవుండిపోయి ఛాతీ పట్టేస్తుంది. గాలి చాలట్లేదనిపించి ఇంకా గట్టిగా పీలుస్తాం, ఆయాసం ఇంకా పెరుగుతుంది. కాబట్టి నడకలో మన ధ్యాసంతా వదిలే గాలి మీదే ఉండాలి.

రెండు అడుగులు వేస్తూ ముక్కుతో పీల్చండి. నాలుగు అడుగులు వేస్తూ పెదాల మధ్య నుంచి వదలండి. నాలుగు కుదరకపోతే మూడు. ఊపిరి బిగబట్టొద్దు. వంతెన ఎక్కేటప్పుడో, ఏటిగట్టు ఎక్కేటప్పుడో పైకి అడుగు వేస్తూ గాలి వదలాలి, ఆగి పీల్చుకోవాలి. మొదట్లో ఆ ఎక్కుళ్ళ జోలికి పోకండి. మన డెల్టాలో చదునైన నేలకి కరువేముంది?

మొదటి వారం అయిదు నిమిషాలు చాలు. ఆయాసానికి సున్నా నుంచి పది దాకా మార్కులు వేసుకుంటే మూడు నాలుగు దగ్గర ఉండాలి, అంటే నడుస్తూ ఒక చిన్న వాక్యం పూర్తిగా చెప్పగలగాలి. అంతకు మించితే తూము గట్టు మీదో, రేవు మెట్ల మీదో కూర్చుని, కాస్త ముందుకు వంగి మోచేతులు తొడల మీద ఆనించండి. తగ్గాక లేవండి. మధ్యలో కూర్చున్నా అది నడకే. మెల్లగా పెంచుకుంటూ వారంలో నాలుగైదు రోజులు, ఇరవై ముప్ఫై నిమిషాల దాకా వెళ్ళొచ్చు.

తిన్నాక గంటైనా ఆగండి. నడకకి ముందు ఇన్‌హేలర్ పీల్చమని డాక్టరు చెప్పుంటే పావుగంట ముందే పీల్చండి. చలికాలం పొద్దున్నే మంచూ పొగా కలిసి నేల మీదే ఉంటాయి, ఎండ వచ్చాక బయల్దేరండి. మాసూళ్ళ ధూళి, కొబ్బరి పీచు దుమ్ము, గడ్డి తగలబెట్టిన పొగ, భోగి మంటలు ఉన్న రోజుల్లో ఇంట్లోనే నడవండి. వేసవి ఉక్కలోనూ అంతే.

ఇంట్లోవాళ్ళకి ఒక మాట. "నాన్నగారికి ఆయాసం, కదలనివ్వకండి" అని మంచినీళ్ళు కూడా చేతికందిస్తుంటారు. ప్రేమతోనే చేస్తారు, కానీ వాడకపోతే తొడల కండ కరిగిపోతుంది. బలం తగ్గిన కాళ్ళకి అదే దూరం నడవడానికి ఇంకా ఎక్కువ గాలి కావాలి. నడక ఊపిరితిత్తుల్ని బాగుచేయదు. కాళ్ళని బాగుచేస్తుంది, దాంతో ఉన్న ఊపిరే సరిపోతుంది. చుట్ట ముట్టకపోయినా ఏళ్ళ తరబడి కట్టెల పొయ్యి ముందు కూర్చుని ఈ జబ్బు తెచ్చుకున్న అమ్మలున్నారు. రోడ్డెక్కి నడవడానికి వాళ్ళు మొహమాటపడతారు. వీధి అరుగు పొడవునా అటూ ఇటూ తిరిగినా చాలు, తోడుగా ఎవరైనా నడవండి.

ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం, పెదాలు నీలంగా మారడం, కూర్చున్నా తగ్గని ఆయాసం: వీటిలో ఏది కనబడినా ఆపేసి వెంటనే వైద్యసాయం తీసుకోండి. వేలికి పెట్టుకుని రక్తంలో ఆక్సిజన్ చూసుకునే పల్స్ ఆక్సీమీటర్ ఉంటే, డాక్టరు వేరే అంకె చెప్పకపోతే, ఆక్సిజన్ 88 శాతం కంటే తగ్గగానే ఆగాలి. జ్వరం వచ్చినా, కఫం రంగు మారినా ఆ రోజు నడక మానేసి డాక్టరుకి చూపించుకోండి.

ఎన్ని నిమిషాలు నడిచారు, ఎన్నిసార్లు కూర్చున్నారు, ఆయాసం మార్కు ఎంత అన్నది గోడ క్యాలెండర్ మీద రాస్తూ ఉండండి. తల దువ్వుకున్నా, దండెం మీద బట్టలారేసినా అంత ఆయాసం ఎందుకో, చేతులకి ఏ కసరత్తు చేయాలో నాలుగో పాఠంలో చూద్దాం.