తొమ్మిదో తరగతి కెమిస్ట్రీ ల్యాబ్: మిశ్రమాలు వేరుచేసే ముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

బెంగళూరులో మన పిల్లలు తొమ్మిదో తరగతికి వచ్చేసరికి ల్యాబ్‌లో మిశ్రమాలను వేరుచేయడం మొదలవుతుంది. ఉప్పు, ఇసుక, ఇనుప రజను, నవాసాగరం (అమ్మోనియం క్లోరైడ్). పేర్లు వింటే భయపడాల్సిందేమీ కనిపించదు కాబట్టి పిల్లలు తేలిగ్గా తీసుకుంటారు, ఇంట్లో మనమూ పెద్దగా అడగం. అయస్కాంతంతో ఇనుము తీసేటప్పుడు, వడపోసేటప్పుడు నిజంగానే భయం లేదు. మంట వెలిగించాక, అందులోనూ ప్రయోగం అయిపోవచ్చిందనుకున్న ఆఖరి నిమిషాల్లోనే జాగ్రత్త కావాలి.

ఉప్పు నీళ్లు ఇగిర్చే ప్రయోగమే చూడండి. చైనా డిష్‌లో (పింగాణీ గిన్నెలో) నీళ్లు సగమయ్యేదాకా ఏ గొడవా ఉండదు. అంచుల వెంట తెల్లగా ఉప్పు కట్టి, అడుగున చిక్కగా మిగిలినప్పుడు కథ మారుతుంది. పైన ఉప్పు పొర గడ్డకడుతుంది, కింద ఆవిరికి దారి ఉండదు. తాలింపులో ఆవాలు చిట్లినట్టు కాగిన ఉప్పు రవ్వలు పైకి ఎగురుతాయి. సరిగ్గా అప్పుడే, ఆరిందో లేదో చూద్దామని పిల్లలు డిష్ మీదకి వంగుతారు. కొంచెం తడి ఉండగానే మంట తీసేయాలి. మిగతాది డిష్ వేడికే ఆరిపోతుంది. ల్యాబ్‌లో కళ్ల రక్షణకి పెట్టుకునే అద్దాలు మాత్రం చివరిదాకా తీయకూడదు.

మంట తీసినా డిష్ వేడి అలాగే ఉంటుంది. వేడి పింగాణీ, వేడి గాజు చూడటానికి చల్లటివాటిలాగే ఉంటాయి. పట్టుకునే ముందు అరచేతి వెనక భాగాన్ని దగ్గరగా, తాకకుండా పెట్టి చూడాలి. అనుమానముంటే పటకారే వాడాలి.

నవాసాగరం సంగతి వేరు. వేడి చేస్తే అది అమ్మోనియా, హైడ్రోజన్ క్లోరైడ్ వాయువులుగా విడిపోయి, పైన బోర్లించిన గరాటు చల్లటి గోడల మీద మళ్లీ కలిసి తెల్లటి పొడి అవుతుంది. ఆ పొగ బయటికొస్తే ముక్కు, గొంతు, కళ్లు మండుతాయి. అందుకే ఆ గరాటు కాడలో దూది వదులుగా పెడతారు. బిగించి మూసేయకూడదు, చల్లారకముందు గరాటు ఎత్తకూడదు. ఆస్తమా ఉన్న పిల్లలు ముందుగానే టీచర్‌కి చెప్పి, ఇన్‌హేలర్ దగ్గర పెట్టుకోవాలి. నవాసాగరం బదులు కర్పూరం ఇస్తే మంట మరీ చిన్నగా ఉండాలి, అది ఎంత త్వరగా అంటుకుంటుందో మన ఇళ్లలో అందరికీ తెలిసిందే.

స్వేదనంలో (ద్రవాన్ని మరిగించి, ఆ ఆవిరిని చల్లార్చి వేరుచేయడంలో) అసిటోన్ అనే త్వరగా అంటుకునే ద్రవం ఉంటే మంట అసలు వద్దు. అది 56 డిగ్రీలకే మరుగుతుంది, వేడి నీళ్ల తొట్టి చాలు. దాని ఆవిరి గాలికన్నా బరువు. బల్ల మీదుగా పాకి, పక్క గ్రూపు వాళ్ల స్పిరిట్ ల్యాంప్‌ని అందుకోగలదు. కాబట్టి మీ బల్ల ఒక్కటే చూసుకుంటే సరిపోదు. ద్రవం ఎగసిపడకుండా మరిగేందుకు వేసే పింగాణీ ముక్కల్ని వేడి మొదలుపెట్టకముందే వేయాలి. కాగుతున్న ద్రవంలో వేస్తే ఒక్కసారిగా పొంగుతుంది. మన ఊళ్లో ఇంకొకటి: ఎండాకాలంలో నీళ్ల ట్యాంకర్ ఆలస్యమైతే కుళాయి మధ్యలోనే ఆగిపోవచ్చు. ముందే తిప్పి చూసుకోండి. ఆవిరిని చల్లబరిచే గొట్టంలో (కండెన్సర్‌లో) నీళ్లు ఆగితే మొదట వేడి ఆపాలి, తర్వాతే కారణం వెతకాలి. ఫ్లాస్క్ అడుగు ఎండేదాకా ఎప్పుడూ కాచకూడదు.

నీటి మరుగు స్థానం కొలిచేటప్పుడు బెంగళూరు పిల్లలకి ఒక టెన్షన్ ఉంటుంది. పుస్తకంలో 100 డిగ్రీలు, థర్మామీటర్‌లో 97 దగ్గరే ఆగుతుంది. మన ఊరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది, గాలి ఒత్తిడి తక్కువ, కాబట్టి 97 సరైనదే. మంట పెంచినా పెరగదు, నీళ్లు పొంగి చేతి మీద పడతాయి అంతే. థర్మామీటర్ పాడైందేమోనని జ్వరం చూసేదాన్ని విదిలించినట్టు విదిలించకూడదు. పాదరసం ఉన్నది పగిలితే ముట్టుకోవద్దు, చీపురుతో ఊడ్వొద్దు. పక్కకి జరిగి, కిటికీలు తెరిచి, టీచర్‌ని పిలవాలి. రికార్డులో 97 అనే రాయండి.

ఇనుము, గంధకం కలిపి కాచిన దాని మీద ఆమ్లం పోస్తే కుళ్లిన గుడ్డు వాసనొస్తుంది. అది విష వాయువు. ముక్కు దగ్గర పెట్టి పీల్చకుండా, చేత్తో కొద్దిగా ముక్కు వైపు విసురుకోవాలి. గంధకాన్ని కరిగించే కార్బన్ డైసల్ఫైడ్ మంట లేకున్నా, వేడి గిన్నె తగిలినా అంటుకోగలదు. అది పిల్లల చేతికి ఇవ్వకూడదనే నా అభిప్రాయం. టీచర్ చేసి చూపిస్తే చాలు.

ఇంట్లో మనం చూసుకోవాల్సినవి: జడ బిగించి వేయడం, వేలాడే చున్నీ వద్దనడం, చెప్పులు కాకుండా బూట్లు, కాంటాక్ట్ లెన్స్‌కి బదులు కళ్లజోడు. స్పిరిట్ ల్యాంప్‌ని ఊదకూడదు, మూత పెట్టి ఆర్పాలని గుర్తు చేయండి. కాలితే కుళాయి నీళ్ల కింద 20 నిమిషాలు పెట్టాలి. పేస్ట్, పసుపు, ఇంకు ఏదీ రాయొద్దు. కంట్లో ఏమైనా పడితే కనీసం 15 నిమిషాలు నీళ్లతో కడుగుతూనే టీచర్‌ని పిలవాలి.

మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) స్ఫటికాలు తయారుచేసిన రోజున సాయంత్రం జేబులు ఒకసారి చూడండి. నీలంగా మెరుస్తాయి కదా అని ఇంటికి తెచ్చుకుంటారు. అది మింగితే విషం, ఇంట్లో చిన్నపిల్లలు నోట్లో పెట్టుకోవచ్చు. ల్యాబ్‌లోనే ఇచ్చేసి రమ్మని ముందే చెప్పండి.