పాత ఇల్లు: బాగుచేయాలా, పెంచాలా, పడగొట్టాలా?

పాత ఇంటి సంగతి మేస్త్రీని అడిగితే పడగొట్టి కట్టేద్దామంటాడు. పెయింటర్‌ని అడిగితే పుట్టీ పెట్టి రంగేస్తే కొత్తదైపోతుందంటాడు. ఇద్దరూ అబద్ధమాడటం లేదు, ఎవరికి తెలిసిన పని వాళ్లకు కనిపిస్తోంది అంతే. కనిపించే లక్షణం ఒకటే అయినా కారణాన్ని బట్టి జవాబు మారిపోతుంది. అందుకే టైల్స్ షాపుకి వెళ్లే ముందు ఇంటి చుట్టూ ఒకసారి తిరగండి. చేతిలో స్కేలు, పెన్సిలు, చిన్న సుత్తి ఉంటే చాలు.

గోడ పగిలింది

వెంట్రుకలా సన్నగా, 1 మి.మీ. లోపు ఉండి, సాలెగూడులా అటూ ఇటూ పాకిన పగుళ్లు చాలావరకు ప్లాస్టరింగ్‌వే. సిమెంటు ఆరేటప్పుడు కుంచించుకోవడం వల్ల వస్తాయి. రంగు వేసే ముందు పూడ్చేస్తే సరి. 5 మి.మీ. దాకా ఉన్నవి కూడా చాలాసార్లు మామూలు రిపేరుతో పోతాయి. కిటికీ మూల నుంచి ఏటవాలుగా దిగినవి, ఇటుకల మధ్య మెట్లు మెట్లుగా నడిచినవి, ఒక చివర సన్నగా ఉండి మరో చివర నోరు తెరిచినవి అయితే పునాది ఒక పక్కకి దిగుతోందేమోనని అనుమానించాలి. వెడల్పు 5 మి.మీ. దాటితే ఇంజనీరుకి చూపించడం వాయిదా వేయొద్దు.

అయితే వెడల్పు కంటే పెద్ద ప్రశ్న ఇంకోటుంది: పగులు ఇంకా కదులుతోందా? దానికి రెండు పక్కలా పెన్సిలుతో గుర్తు పెట్టి, పక్కనే తేదీ రాసి, నెలకోసారి ఆ గుర్తుల మధ్య దూరం కొలవండి. కనీసం ఒక వానాకాలం, ఒక ఎండాకాలం గడవాలి. ఈ పనికి ఎవరికీ ఓపిక ఉండదు, కానీ దీన్ని మించిన పరీక్ష నాకు తెలియదు.

ఏడాదైనా కదలకపోతే అది ఎప్పుడో జరిగిపోయిన దిగుడు. పగులుకు అడ్డంగా ఇనుప ఊచలతో కుట్టు వేసి పూడ్చుకోవచ్చు. వానల్లో మూసుకుని ఎండల్లో తెరుచుకుంటుంటే కింద బంకమట్టి ఉందన్నమాట. అది తడికి ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. అప్పుడు మందు గోడకు కాదు, నేలకు వేయాలి: పునాది పక్కన నీళ్లు నిలవకుండా చూడటం, లీకయ్యే డ్రైనేజీ పైపు మార్చడం లాంటివి. గోడ పక్కన పెద్ద చెట్టుంటే తొందరపడి కొట్టేయకండి. అంతవరకూ అది పీల్చుకుంటున్న నీరు నేలలోనే ఉండిపోయి, మట్టి ఉబ్బి గోడను పైకి ఎత్తే ప్రమాదం కూడా ఉంది.

ఒకే దిశలో పెరుగుతూ పోయే పగులు మాత్రం పునాది సమస్యే. ఒక మూలకే పరిమితమైతే ఆ భాగం కింద పునాదిని బలపరచడం గిట్టుబాటవుతుంది. నాలుగు పక్కలా అలాగే ఉంటే కొత్త ఇంటి గురించి ఆలోచించడమే మేలు.

శ్లాబ్ పెచ్చులూడుతోంది

ఊడిన చోట మళ్లీ సిమెంటు కొట్టించి, ఏడాది తిరక్కుండానే అదే చోట మళ్లీ ఊడటం చూసినవాళ్లు చాలామందే ఉంటారు. జబ్బు సిమెంటుది కాదు, లోపలి ఇనుముది. గట్టి కాంక్రీటుకు క్షారగుణం ఎక్కువ, పీహెచ్ 12 పైనే ఉంటుంది. ఊచలకు తుప్పు పట్టకుండా కాపాడేది అదే. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి లోపలికి ఇంకి పీహెచ్‌ని 9 కిందికి దించేస్తే ఆ రక్షణ పోతుంది. పై నుంచి తడి కూడా తోడైతే తుప్పు మొదలవుతుంది. తుప్పు ఇనుము కంటే రెట్టింపు పైగా చోటు తీసుకుంటుంది కాబట్టి కాంక్రీటును లోపలి నుంచి బయటికి తోసేస్తుంది.

సుత్తితో శ్లాబంతా మెల్లగా తట్టి చూడండి. డొల్ల చప్పుడు వచ్చిన చోట చాక్‌పీస్‌తో గీయండి. ఇంజనీరు వస్తే కొత్తగా పగలగొట్టిన కాంక్రీటు మీద ఫినాల్ఫ్తలీన్ అనే రసాయనం చల్లి చూస్తారు. గులాబీ రంగు వచ్చిన భాగం బాగున్నట్టు, రంగు మారని భాగం రక్షణ కోల్పోయినట్టు.

గీతలు రెండు మూడు చోట్లే ఉంటే ఊచల వెనక దాకా చెక్కి, తుప్పు గీకి, సన్నబడిన ఊచలకు తోడు ఊచలు కట్టి, పాలిమర్ కలిపిన మోర్టార్‌తో పూడ్చాలి. డాబా మీద నీళ్లు నిలవకుండా చేయకపోతే ఇదంతా దండగ. శ్లాబంతా డొల్లగా ఉండి గోడలు, పునాది గట్టిగా ఉంటే శ్లాబ్ ఒక్కటే తీసి కొత్తది వేయించొచ్చు. ఇలాంటి నడిమి దారి ఒకటుందని జనానికి గుర్తే రాదు. పిల్లర్లు, బీములు కూడా నిలువునా చీలి ఊచలు కనిపిస్తుంటే, అందులోనూ ఉప్పుగాలి తగిలే చోటైతే, రిపేరు డబ్బు నీళ్లలో పోసినట్టే. ఏ నిర్ణయమైనా తర్వాత, పెచ్చులు పడే గదిని మాత్రం ఇవాళే ఖాళీ చేయండి.

గోడలకు చెమ్మ

నేల నుంచి ఒక మీటరు ఎత్తు దాకా వరసగా, తెల్లటి ఉప్పుతో ఉంటే కింది నుంచి ఎక్కుతున్న తేమ. ఏడాది పొడుగునా ఒకే చోట మచ్చ ఉంటే పైపు లీకు. రాత్రి కుళాయిలన్నీ కట్టేసి నీళ్ల మీటరు చూడండి, తెల్లారేసరికి అది తిరిగి ఉంటే దొంగ దొరికినట్టే. వానల్లోనే వస్తే బయటి గోడో డాబానో చూడాలి.

కింది తేమకు వాటర్‌ప్రూఫ్ సిమెంటు పూయిస్తే అది ఇంకో అడుగు పైకెక్కి బయటపడుతుంది. నేనూ ఒకసారి పూయించి మోసపోయినవాణ్నే. గోడ అడుగున వరసగా రంధ్రాలు వేసి తేమను అడ్డుకునే రసాయనం ఎక్కించాలి. సున్నంతో కట్టిన గోడైతే సున్నపు పూతే వేయాలి, సిమెంటు పూస్తే తడి లోపలే బందీ అవుతుంది. చెమ్మ ఒక్కదాని కోసం ఇల్లు పడగొట్టకండి.

తలుపు పట్టేస్తోంది

వానల్లోనే అయితే చెక్క ఉబ్బింది. ఏడాదంతా అయితే పైన పగుళ్ల గురించి రాసింది ఇంకోసారి చదవండి.

వైరింగ్, పైపులు పాతబడ్డాయి

పూర్తిగా మార్చేయండి, ఎర్తింగ్ పెట్టించి 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) వేయించండి. ఖర్చు ఉంటుంది గానీ ఇంటిని పడగొట్టడానికి ఇది కారణం కాదు.

రోడ్డు ఎత్తై ఇల్లు పల్లమైంది

రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే పొర వేస్తూ పోతే వచ్చే తిప్పలిది. గడప కట్టి కాలువ తీస్తే కొన్నాళ్లు ఆగుతుంది. లోపల నేల ఎత్తు చేస్తే శ్లాబు తలకు తగులుతుందేమో ముందే కొలవండి. ఇల్లు గట్టిగా ఉంటే జాకీలతో పైకెత్తించే పద్ధతి కూడా ఉంది. ఇవేవీ కుదరకపోతే కొత్తది కట్టడానికి ఇది న్యాయమైన కారణమే.

చోటు చాలట్లేదు

ఇంటికి జబ్బేమీ లేదు, మనుషులు పెరిగారు. మధ్య గోడ తీసేస్తే సరిపోతుందేమో చూడండి. కానీ ఆ గోడ పైబరువు మోస్తోందో లేదో తేలేదాకా సుత్తి పట్టొద్దు.

పైన అంతస్తు వేయాలంటే ఒక మూల తవ్వి పునాది లోతు, వెడల్పు చూడాలి. "పిల్లర్ల ఊచలు పైకి వదిలారు కదా" అన్నది రుజువు కాదు. ఎన్నో ఏళ్లుగా వానకు తడిసిన ఆ ఊచలే ముందు పరీక్షించాల్సినవి. నాలుగున్నర అంగుళాల గోడల మీద అంతస్తు ఆలోచనే వద్దు.

పక్కన గది కలిపితే మరో చిక్కు. పాత పునాది దిగాల్సినంత దిగిపోయింది, కొత్తది ఇప్పుడే దిగడం మొదలుపెడుతుంది. రెంటినీ బిగించి కట్టేస్తే కలిసిన చోట చీలుతుంది. మధ్యలో సన్నటి సందు వదిలి, సాగే సీలెంటుతో మూయాలి. పాత పునాది పక్కనే దానికంటే లోతుగా తవ్వితే దాని కింద మట్టి జారిపోతుంది.

అయినా తేలట్లేదు

లెక్క కాగితం మీద పెట్టండి. రిపేరు, పెంచే గదులు రెండూ కలిపి కొత్త ఇంటి ఖర్చులో సగం దాటుతుంటే నేనైతే ఆగి మళ్లీ ఆలోచిస్తాను. కొత్త ఇంటి ఖర్చులో కూల్చివేత, మధ్యలో అద్దె, అనుమతుల ఫీజులు కూడా రాయండి. పాత ఇల్లు కట్టినప్పుడు లేని సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ) నిబంధనలు ఇప్పుడు ఉంటే, పడగొట్టాక అదే స్థలంలో చిన్న ఇల్లే రావచ్చు. ప్లాన్ గీయించే ముందే కనుక్కోండి.

ఏది తేల్చుకున్నా, పని మొదలయ్యే రోజు పైకప్పు రేకులు చూడండి. పాత బూడిదరంగు రేకుల్లో ఆస్బెస్టాస్ (పొడి పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే నార) ఉండొచ్చు. వాటిని పగలగొట్టకుండా, తడిపి, ముక్క ముక్కగా కాక రేకు రేకుగా దించమనండి. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు కాబట్టి పొడిగా గీకించొద్దు, పిల్లల్ని అటు రానివ్వొద్దు.